సముద్రం అడుగున చెత్త తీయడానికి దిగే ముందు

ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) చేతికి రాగానే సంచి పట్టుకుని దిగిపోవద్దు. చేతులు ఆడించకుండా, నేల తాకకుండా, ఊపిరితోనే ఒకేచోట తేలుతూ ఉండటం మీకు బాగా వచ్చి ఉండాలి. అది రాకుండా దిగితే మీరు తీసే చెత్త కంటే ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే రెక్కలు) తగిలి విరిగేవి, లేచే బురద ఎక్కువవుతాయి, ఆ బురదలో మీతో జతగా దిగిన బడ్డీ కూడా కనిపించడు.

విశాఖలో రుషికొండ, మంగమారిపేట వైపు స్వచ్ఛందంగా ఈ పని చేస్తున్న డైవర్లు ఉన్నారు, మొదట వాళ్ల వెంట వెళ్లండి. అంతకంటే ముందు ఊళ్లో వేటకు వెళ్లేవాళ్లతో మాట్లాడండి. ఏ బండకు వల తగులుకుని తెగిపోయిందో వాళ్లకే తెలుస్తుంది. పైగా మీకు పాడుబడినట్టు కనిపించే వల ఎవరో నిన్న వేసినదే కావచ్చు, దాన్ని కోస్తే ఒక కుటుంబం తిండి మీద కొట్టినట్టే, కాబట్టి అడగకుండా ఏ వల మీదా కత్తి పెట్టొద్దు.

గ్లౌవ్స్, నీళ్లు కారిపోయే మెష్ సంచి, రెండు కోత పనిముట్లు కావాలి. కత్తి కంటే కత్తెర మేలు. రెండూ ఒకే వైపు పెట్టుకోకండి, ఒక చేయి వలలో చిక్కితే రెండో చేతికి ఒకటి అందాలి. సంచిని బీసీడీకి (తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌కి) తగిలించుకోకుండా చేత్తోనే పట్టుకోండి, అవసరమైతే వెంటనే వదిలేయొచ్చు.

అసలు ప్రమాదం వలతోనే. నైలాన్ వల నీళ్లలో సరిగా కనబడదు, అలకు ఊగుతూ ట్యాంక్ వాల్వ్‌కో ఫిన్ పట్టీకో తగులుకుంటుంది. ప్రవాహం మిమ్మల్ని వల మీదకు కాకుండా వల నుంచి దూరంగా నెట్టే వైపు ఉండి పని చేయండి, చిన్న ముక్కలుగా కోసి చుట్టుకుంటూ రండి, లాగొద్దు. చిక్కుకున్నారా, కదలకుండా ఆగండి. గిరగిరా తిరిగితే ఇంకా చుట్టుకుంటుంది, బడ్డీ వచ్చి కోసేదాకా నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. పది మీటర్ల లోతులో గాలి పైనకంటే రెండింతలు ఖర్చవుతుంది, పని చేస్తుంటే ఇంకా ఎక్కువ, అందుకే ఈ డైవ్‌లో నేనైతే ట్యాంక్ గేజ్ 100 బార్‌కు (అంటే దాదాపు సగం ట్యాంక్‌కు) దిగగానే పని ఆపేయమంటాను.

చేత్తో సులువుగా మోయలేనంత బరువైతే లిఫ్ట్ బ్యాగ్ (గాలి నింపి బరువును పైకి తేల్చే సంచి) కావాలి, దానికి విడిగా శిక్షణ ఉండాలి. బీసీడీలో గాలి నింపుకుని బరువు ఎత్తే ప్రయత్నం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఆ బరువు చేయి జారిందంటే మీరు ఆగకుండా పైకి దూసుకుపోతారు, ఊపిరితిత్తులకే ముప్పు. లిఫ్ట్ బ్యాగ్‌లోనూ అంతే, పది మీటర్ల లోతులో నింపిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది, దాని పైనా కిందా ఎవరూ ఉండకూడదు.

సీసాలు, డబ్బాలు సంచిలో వేసేముందు లోపల చూడండి, పీతలో చిన్న ఆక్టోపస్‌లో కాపురం పెట్టి ఉంటాయి. పగడం, స్పంజికలు పట్టేసిన వస్తువును అక్కడే వదిలేయండి, అది ఇప్పుడు వాటి ఇల్లు. మూత బిగించిన డ్రమ్ములు, ఏమిటో తెలియని లోహపు వస్తువులు అసలు ముట్టుకోకుండా ఆ చోటు గుర్తుపెట్టుకుని మెరైన్ పోలీసులకు చెప్పండి. లయన్ ఫిష్ లాంటి ముళ్ల చేప గుచ్చితే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, ఆ భాగాన్ని ముంచి ఉంచి ఆసుపత్రికి బయల్దేరాలి.

పైకొచ్చాక వేరు చేసి, తూచి, లెక్క రాయండి. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీకి చెందిన సముద్ర పరిరక్షణ సంస్థ ప్యాడీ అవేర్ వాళ్ల 'డైవ్ అగైన్‌స్ట్ డెబ్రిస్' కార్యక్రమం 2011 నుంచి ఇలాంటి లెక్కలు సేకరిస్తోంది. నీటి అడుగున దొరికినదే రాయాలి, ఒడ్డున ఏరినది కలపకూడదు, ఏమీ దొరక్కపోయినా ఆ సంగతీ పంపాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) సిబ్బందితో మాత్రం ముందు రోజే మాట్లాడి బండి వచ్చేలా చూసుకోండి, లేదంటే తడిసిన వలల కుప్ప ఒడ్డునే ఉండిపోయి రాత్రి పోటుకు మళ్లీ లోపలికి పోతుంది.