రిజిస్టర్డ్ కుక్కపిల్ల పేపర్లు ఎలా చదవాలి? వాటితో లాభమేంటి?

జాతి కుక్కపిల్ల కొనేటప్పుడు చాలామంది "పేపర్లు ఉన్నాయా?" అని అడుగుతారు, ఉన్నాయనగానే డబ్బు కట్టేసి ఆ కాగితాన్ని బీరువాలో పడేస్తారు. దాన్ని కొనకముందే చదివితేనే లాభం. పిల్ల ఎవరికి పుట్టింది, పెద్దయ్యాక ఎంత ఎదుగుతుంది, స్వభావం ఎలా ఉండొచ్చు, ఏ జబ్బులు వచ్చే అవకాశం ఉంది, ఇవన్నీ చాలావరకు ముందే అంచనా వేసుకోవచ్చు.

ముందు ఆ కాగితం ఎవరిచ్చారో చూడండి. జాతి కుక్కల పుట్టుక, వంశం వివరాలు నమోదు చేసి ఇలాంటి పేపర్లు ఇచ్చే సంస్థల్ని కెన్నెల్ క్లబ్బులంటారు. బ్రిటన్ కెన్నెల్ క్లబ్ 1873లో, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1884లో పుట్టాయి. చాలా దేశాల క్లబ్బులు 1911లో ఏర్పడిన ఎఫ్‌సీఐ అనే అంతర్జాతీయ సంస్థతో కలిసి పనిచేస్తాయి. ఇలాంటి క్లబ్ రికార్డులో పేపర్ మీదున్న రిజిస్ట్రేషన్ నంబర్ నిజంగా ఉందో లేదో మీరే కనుక్కోండి, ఎందుకంటే అందంగా ముద్ర వేసిన సర్టిఫికెట్ ఎవరైనా ప్రింట్ చేసుకోవచ్చు.

తర్వాత మైక్రోచిప్, అంటే గుర్తింపు కోసం కుక్క చర్మం కింద పెట్టే చిన్న చిప్. పేపర్ మీద చిప్ నంబర్ ఉంటే (అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 15 అంకెలు ఉంటాయి) పశువైద్యుడి చేత పిల్లను స్కాన్ చేయించి రెండూ ఒక్కో అంకే సరిపోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా అది ఈ పిల్ల కాగితమేనన్న నమ్మకం లేదు.

ఇక వంశవృక్షం. నన్నడిగితే అసలు విలువంతా ఇక్కడే ఉంది. మూడు తరాల పట్టికలో 14 పేర్లుంటాయి: తల్లిదండ్రులు ఇద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, ఆపైన ఎనిమిది. తండ్రి వైపు ఉన్న పేరు తల్లి వైపు కూడా కనిపిస్తోందా అని వేలు పెట్టి వెతకండి. ఉదాహరణకి తండ్రికి తండ్రి, తల్లికి తండ్రి ఒకే కుక్క అయితే, ఈ పిల్ల తల్లిదండ్రులు ఒకే తండ్రి బిడ్డలన్నమాట. అలాంటప్పుడు అంతఃప్రజనన శాతం (తల్లిదండ్రులు ఎంత దగ్గరి రక్తసంబంధీకులో చెప్పే లెక్క) కనీసం 12.5 ఉంటుంది. సొంత అన్నాచెల్లెళ్లకి పుడితే 25. ఈ అంకె పెరిగేకొద్దీ రెండు వైపులా దాగి ఉన్న చెడ్డ జన్యువు ఒకే పిల్లలో కలిసే ప్రమాదం పెరుగుతుంది. పేపర్లు లేని కుక్క విషయంలో ఇలా పేర్లు చూసి లెక్క వేసే దారే లేదు.

పేర్లు తెలిశాయి కాబట్టి ఇప్పుడు ఆ తల్లిదండ్రుల హెల్త్ టెస్ట్ రిపోర్టులు అడగండి, మొహమాటపడొద్దు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ అయితే తుంటి కీళ్ల ఎక్స్‌రే తప్పనిసరిగా చూడాలి. బ్రిటన్ పద్ధతిలో ఒక్కో తుంటికి 0 నుంచి 53 వరకు మార్కులు వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. లాబ్రడార్‌లో చూపు క్రమంగా పోయే పీఆర్ఏ జబ్బుకి డీఎన్ఏ టెస్ట్ ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరూ క్యారియర్లయితే (అంటే జబ్బు లేకపోయినా ఆ చెడ్డ జన్యువు ఒక కాపీ మోస్తుంటే) ఒక్కో పిల్లకి ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇద్దరిలో ఒకరు క్లియర్, అంటే ఆ జన్యువు అసలు లేదని తేలినా ఆ రకం పీఆర్ఏ గురించి టెన్షన్ అక్కర్లేదు. డాల్మేషియన్‌లో పుట్టు చెవుడు ఎక్కువ కాబట్టి అక్కడ పిల్లకే వినికిడి పరీక్ష చేయించి ఉండాలి.

ఒక మాట గట్టిగా చెప్పాలి: రిజిస్ట్రేషన్ ఆరోగ్యానికి గ్యారంటీ ఇవ్వదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల్లో ఎంత గొప్ప వంశమైనా ఊపిరి ఇబ్బంది రావచ్చు. అందుకే పిల్లల దగ్గరున్న తల్లిని చూడండి. కాస్త నడిచేసరికే గురక శబ్దం వస్తోందా, కొత్తవాళ్లను చూసి బెదిరిపోతోందా, మామూలుగా వచ్చి వాసన చూస్తోందా, ఇవి ఏ కాగితం మీదా ఉండవు. తల్లిని చూపించమంటే సాకులు చెప్పేవాళ్ల దగ్గర కొనకండి. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను ఇస్తామన్నా తీసుకోకండి.

డబ్బు కట్టేముందు యాజమాన్య బదిలీ ఫారం మీద బ్రీడర్ (పిల్లల్ని పుట్టించి అమ్మే వ్యక్తి) సంతకం తీసుకుని, దాన్ని మీరే క్లబ్‌కి పంపండి. రికార్డులో మీ పేరు ఎక్కాకే డాగ్ షోలకైనా, పోటీలకైనా దారి తేలికవుతుంది. కొందరు బ్రీడర్లు దీని సంతానాన్ని రిజిస్టర్ చేయకూడదనే షరతు పెడతారు. అది తప్పేమీ కాదు, కానీ ఆ షరతు ఉందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.