చిన్నపిల్లలకు మొదటి వీడియోగేమ్: పక్కన కూర్చుని పరిచయం చేసే పద్ధతి

పిల్లలకు వీడియోగేమ్‌లు పరిచయం చేయాలా వద్దా అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఎవరూ అడగకముందే తేలిపోతుంది. ముద్ద మింగడం లేదని ఒకరోజు ఫోన్ చేతికిస్తాం, పాటల వీడియో మధ్యలో వచ్చిన ఏదో ప్రకటన మీద చిట్టి వేలు పడుతుంది, సాయంత్రానికల్లా మనకు పేరు కూడా తెలియని ఆట ఒకటి ఫోన్‌లో చేరి ఉంటుంది. ఆ పరిచయం ఏదో ఒకనాడు జరగక తప్పదు కనుక అది తమ చేతుల మీదుగా జరగాలని కోరుకునే తల్లిదండ్రుల కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులోని సూచనలన్నింటికీ మూలం ఒక్కటే: మొదటి కొన్ని నెలలు పిల్లలు ఒంటరిగా ఆడకూడదు, మీరు పక్కన కూర్చోవాలి, అదీ కాపలాదారుగా కాక రెండో ఆటగాడిగా.

ముందు వయసు సంగతి. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించరాదని, అంతకన్నా తక్కువైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ గంటలో టీవీలో చూసే కార్టూన్లు, అమ్మమ్మ ఫోన్‌లో చూసే పాటలు కూడా కలిసే ఉంటాయి కనుక ఆటకు మిగిలేది మహా అయితే ఇరవై నిమిషాలు. నా మట్టుకు నేను నాలుగేళ్లు నిండేదాకా తొందరపడనక్కర లేదంటాను. నిజానికి సంవత్సరాల లెక్కకన్నా నమ్మదగిన పరీక్ష ఇంట్లోనే ఉంది. వైకుంఠపాళిలో పాము మింగినప్పుడు ఏడుపు లంకించుకోకుండా తన పావును కిందికి దింపుకోగలిగితే, ఎదుటివారు పందెం వేసేదాకా చేతులు కట్టుకుని ఆగగలిగితే, ఆ బిడ్డ సిద్ధంగా ఉన్నట్టే. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ వ్యాధి ఉంటే మాత్రం, మెరిసే వెలుగులు కొందరిలో మూర్ఛను ప్రేరేపించగలవు కాబట్టి, వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టండి.

మొదటి ఆటకు ఫోన్‌కన్నా టీవీకి తగిలించే గేమ్ కన్సోల్, అంటే ఆటల కోసమే చేసిన పెట్టె, అన్ని విధాలా మెరుగు. తెర దూరంగా ఉంటుంది, ఏం జరుగుతోందో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా టీవీ కట్టేస్తే ఆట ముగిసిందని పిల్లలకు స్పష్టంగా అర్థమవుతుంది. ఫోన్ అలా కాదు. ఆట ముగిశాక కూడా అది మన చేతిలోనే వెలుగుతూ కనిపిస్తుంది, మనకు లేని నిషేధం తమకెందుకని వారికి తోచడంలో తప్పేమీ లేదు. కొత్త పరికరం కొనే వీలు లేకపోతే టాబ్లెట్ గానీ ఫోన్ గానీ వాడవచ్చు, కానీ ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్ అనే ఏర్పాట్లతో ఆ ఒక్క ఆట నుంచి బయటికి వెళ్లే దారి మూసివేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఇవ్వండి.

ఆట ఎంపికలో పెద్దలు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. బొమ్మలు ముద్దుగా ఉంటే ఆట తేలికని అనుకుంటారు. నాలుగేళ్ల బిడ్డను నిజంగా ఇబ్బంది పెట్టేది ఎడమ బొటనవేలితో మనిషిని నడుపుతూ కుడి బొటనవేలితో చూపును తిప్పవలసి రావడం, అంటే చాలా త్రీడీ ఆటలకు ప్రాణమైన పని. అందుకే ఎడమ నుంచి కుడికి నడిచి దూకే ఆటలతో మొదలుపెట్టాలి. నింటెండో స్విచ్ అనే కన్సోల్ ఉన్నవారికి 2023లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ వండర్ మంచి ఆరంభం. అందులో యోషీ, నాబిట్ పాత్రలకు శత్రువులు తగిలినా దెబ్బ తగలదు, గోతిలో పడకుండా చూసుకుంటే చాలు. మారియో కార్ట్ 8 డీలక్స్ అనే బండ్ల పందెం ఆటలో స్మార్ట్ స్టీరింగ్, ఆటో యాక్సిలరేట్ అనే సదుపాయాలు పెడితే బండి తనంతట తాను ముందుకు పోతుంది, రోడ్డు దిగిపోదు, బిడ్డ చేయవలసింది అటూ ఇటూ తిప్పడమే. సూపర్ మారియో ఒడిస్సీలోనైతే మీరు మారియోను నడుపుతుంటే బిడ్డ అతని టోపీని ఎగరేస్తూ సాయం చేయవచ్చు. ఆరేళ్లు దాటాక, దిమ్మెలు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ ఆటను క్రియేటివ్ మోడ్‌లో పెట్టి, కఠినతను పీస్‌ఫుల్‌కు తగ్గించి ఇస్తే భూతాల బెడద లేకుండా ఇల్లు కట్టుకుంటారు.

ప్లే స్టోర్‌లో కనిపించే 3+, 7+, 12+ గుర్తులను చూడండి గానీ వాటి మీదే ఆధారపడకండి. హింస, బూతు వంటివి ఏ మేరకు ఉన్నాయో మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఆట ఎంత కష్టమో చెప్పదు. చదరంగానికీ 3+ అనే ఉంటుంది, అంతమాత్రాన మూడేళ్ల బిడ్డ ఏనుగును సరిగా నడుపుతుందా?

ఆడేటప్పుడు చేతిలోని కంట్రోలర్‌ను, అంటే ఆటను నడిపే బటన్ల పిడిని, లాక్కోకపోవడమే నేర్పడంలో అసలు పాఠం. 'ఇలా ఇవ్వు, నేను దాటిస్తాను' అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా దాన్ని మింగి, 'ఇప్పుడు ఆగు, ఆ తాబేలు వెళ్లనీ, ఇప్పుడు దూకు' అని నోటితో దారి చూపండి. తెర మీద ఇంగ్లీషులో వచ్చే మాటలను తెలుగులో చదివి వినిపించండి. మీరు గోతిలో పడినప్పుడు విసుక్కోకుండా నవ్వి మళ్లీ మొదలుపెట్టండి, ఓటమిని ఎలా తీసుకోవాలో వారు చూసి నేర్చుకునేది అక్కడే. ప్రతిసారీ కావాలని ఓడిపోవడం మాత్రం వద్దు, ఐదేళ్ల పిల్లలు ఆ నటనను ఇట్టే పసిగడతారు.

గొడవంతా ఆపే దగ్గరే వస్తుంది. 'ఇంకో పది నిమిషాలు' అన్న మాటకు ఆ వయసులో అర్థం లేదు, 'ఇంకో రెండు రేసులు' అంటే మాత్రం వెంటనే తెలుస్తుంది. మారియో కార్ట్‌లో ఒక రేసు రెండు మూడు నిమిషాలలో అయిపోతుంది గనుక లెక్క కూడా సులువు. మధ్యలో టీవీ కట్టేయడం సగం వేసిన ముగ్గును కాలితో చెరిపేయడం లాంటిది; ఆ కోపం న్యాయమైనదే. చివరి రేసు అయ్యాక ఆపే బటన్‌ను బిడ్డ చేతనే నొక్కించండి, వెంటనే చేయడానికి మరో పని సిద్ధంగా ఉంచండి. నిద్రకు ముందు గంట అసలు వద్దు.

ఇక డబ్బు. మా ఇంట్లో ఉచితమని దించుకున్న ఒక రంగుల ఆటలో బొమ్మ బొమ్మకూ ప్రకటన వచ్చేది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉండటంతో పాప నొక్కిన ప్రతిసారీ మరో ఆట పేజీ తెరుచుకునేది. ఆ వారమే దాన్ని తీసేసి, ఒకేసారి డబ్బు కట్టి కొనే ఆటలకు మారాం, ఖర్చు తక్కువేనని తర్వాత తెలిసింది. ప్లే స్టోర్ సెట్టింగ్‌లలో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి, పిల్లల ఫోన్‌పై తల్లిదండ్రులకు అదుపునిచ్చే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో కొత్త ఆటలకు మీ అనుమతి తప్పనిసరి చేయండి, యూపీఐ పిన్‌ను పిల్లల ఎదుట నొక్కకండి. రోబ్లాక్స్ వంటి, అపరిచితులతో మాటలు కలిసే ఆటలను ఈ వయసులో పక్కన పెట్టడమే మంచిది.

ఇన్ని జాగ్రత్తలూ వేసవి సెలవుల్లో ఒక్క వారంలో చెదిరిపోగలవు. పెదనాన్నగారి అబ్బాయి తుపాకుల ఆట ఆడుతుంటే భుజం మీదుగా చూసే ఐదేళ్ల బిడ్డను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పెద్ద పిల్లలను కసరడం కన్నా, చిన్నవాళ్లు లేచి ఉన్నంతసేపు అందరూ కలిసి ఆడే ఆటే టీవీలో ఉండాలని ముందే మాట్లాడుకోవడం నయం. ఏడిస్తే ఫోన్ ఇచ్చే తాతగారితోనూ వాదన అక్కర లేదు. రెండో కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టి, ఆయన బండికి కూడా స్మార్ట్ స్టీరింగ్ తగిలించండి.