గేజ్‌లో బూస్ట్ ఫుల్, స్లిప్‌లో టైమ్ నిల్

టర్బో కారుకి రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగ్‌ల మార్పు) చేయించారు, పెద్ద ఇంటర్‌కూలర్ (టర్బో పంపే గాలిని చల్లబరిచేది) వేశారు, డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ గొట్టం) కూడా మార్చారు. తీరా డ్రాగ్ రేస్‌కి (నిలబడిన చోటు నుంచి తిన్నగా దూసుకెళ్లే పందెం) వెళ్తే 402 మీటర్లకి పాత టైమే వచ్చింది, లేదా అంతకన్నా అధ్వాన్నం. వెంటనే నాకు ఫోన్: "అన్నా, టర్బో వీక్ అయినట్టుంది, పెద్దది వేసేద్దామా?" (టర్బో ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి నెడుతుంది, ఆ ఒత్తిడే బూస్ట్.) నేను అడిగేది ఒక్కటే, రన్ అయ్యాక ఇచ్చే టైమ్ స్లిప్ ఉందా? సగం మంది దగ్గర ఉండదు. చివరి టైమ్ మాత్రం గుర్తుంటుంది, స్టేటస్‌లో పెట్టుకున్నారు కాబట్టి.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 230లు. 2017లో మన దేశానికి వచ్చిన 2.0 టీఎస్‌ఐ, 230 పీఎస్, 350 ఎన్‌ఎం, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్, పవర్ అంతా ముందు చక్రాలకే. కింద రాసేది వాటిని దృష్టిలో పెట్టుకునే. మిగతా టర్బో పెట్రోల్ కార్లకి కూడా చాలావరకు సరిపోతుంది.

ట్రాప్ స్పీడ్ (గీత దాటేటప్పటి స్పీడ్) బాగుంది, టైమ్ బాలేదు

ఇంజిన్‌ని వదిలేయండి, దాని తప్పేం లేదు. స్లిప్‌లో మొదటి 60 అడుగుల అంకె చూడండి. అక్కడ పోగొట్టుకున్న ప్రతి పదో వంతు సెకను చివరికి దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆంబీ వ్యాలీలాంటి ఎయిర్‌స్ట్రిప్ మీద పెట్టే ఈవెంట్లలో అమెరికాలోలాగా జిగురు పోసిన ట్రాక్ ఉండదు. ముందు చక్రాలు గిర్రున తిరిగితే పొగ వస్తుంది తప్ప కారు కదలదు. ముందు టైర్లలో గాలి 26 పీఎస్‌ఐ దాకా తగ్గించండి, లాంచ్ ఆర్‌పీఎం (బయల్దేరేటప్పటి ఇంజిన్ వేగం) తగ్గించండి, డిక్కీలో సామాను తీసేయండి. అంతకీ పట్టు దొరక్కపోతే మంచి టైర్లు కొనండి. టైర్ల మీద పెట్టాల్సిన డబ్బు డౌన్‌పైప్ మీద పెట్టి బాధపడేవాళ్లే ఎక్కువ.

మొదటి రన్ బాగుంది, తర్వాతవి మెల్లగా పడిపోతున్నాయి

వేడి. ఏసీ వేసుకుని, ఇంజిన్ ఆన్‌లో పెట్టి క్యూలో అరగంట నిలబడితే లోపలికి వెళ్లే గాలి 60 డిగ్రీలు దాటుతుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) టైమింగ్‌ని, అంటే స్పార్క్ ఇచ్చే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది, పవర్ తగ్గుతుంది. ఇంజిన్ ఆపండి, బానెట్ ఎత్తండి, కారుని చేత్తో తోసుకుంటూ ముందుకు జరపండి. సిగ్గుపడక్కర్లేదు, అక్కడ అందరూ అదే చేస్తారు.

పై గేర్లలో ఫుల్ బూస్ట్ దగ్గర దగ్గినట్టు ఆగి ఆగి పోతోంది

స్పార్క్ ప్లగ్ గ్యాప్. ఒత్తిడి పెరిగితే స్పార్క్ ఆ గ్యాప్‌ని దాటలేదు. కొత్త ప్లగ్‌లు వేసి, ఫీలర్ గేజ్‌తో 0.6 మిల్లీమీటర్లకి పెట్టండి. "కొత్తవే అన్నా, డబ్బాలోంచి తీసి అలాగే బిగించాం" అంటారు. అదే మరి సమస్య. ఇంకొకటి, రీమ్యాప్‌ని 95 ఆక్టేన్ పెట్రోల్‌కి రాయించి, దారిలో దొరికిన బంకులో మామూలు పెట్రోల్ పోయించుకుంటే ఏ ట్యూనరూ కాపాడలేడు.

ట్రాప్ స్పీడ్ పడిపోయింది, గేజ్‌లో బూస్ట్ మాత్రం బాగానే ఉంది

నా చేతులు కాలింది ఇక్కడే. నా సొంత కారు 14.1 సెకన్లకి, 165 కిలోమీటర్ల స్పీడ్‌తో గీత దాటేది. ఒక సీజన్‌లో ఉన్నట్టుండి 14.5కి పడిపోయింది, స్పీడ్ 159. ప్లగ్‌లు మార్చాను, కాయిల్స్ మార్చాను, డైవర్టర్ వాల్వ్ మార్చాను. ఒక గ్యారేజ్‌లో స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీక్ వెతకడం) చేయించాను, లీక్ ఎక్కడా లేదన్నారు. నమ్మేశాను. రెండు ఈవెంట్లు పోయాయి.

లీక్ ఉంది. చల్లగా, కదలకుండా నిలబడిన కారులో అది కనిపించదు, అంతే.

టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి, అక్కడి నుంచి థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ద్వారం) వెళ్లే దారిలో, ఇలా మార్పులు చేయించిన కార్లలో సిలికాన్ హోస్‌లు ఉంటాయి. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వల్ల వాటి లోపల సన్నటి నూనె పొర పడుతుంది, అది మామూలే. ఇప్పుడు లాంచ్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. చక్రాలకి టార్క్ వెళ్లగానే ఇంజిన్ మొత్తం వెనక్కి వాలుతుంది. దాన్ని పట్టి ఉంచేది కింద ఉన్న డాగ్‌బోన్ మౌంట్. అందులో రబ్బరు బుష్ మెత్తబడితే ఇంజిన్ కాస్త ఎక్కువ వాలి హోస్‌ని లాగుతుంది. నూనె జిడ్డు మీద హోస్ పైప్ అంచు దాకా జారుతుంది, క్లాంప్ కింద ఒకవైపు సందు పడుతుంది. గేర్ పడ్డాక ఇంజిన్ సర్దుకుంటే హోస్ మళ్లీ యథాస్థానంలో కూర్చుంటుంది, కానీ పూర్తిగా కాదు.

మరి గేజ్ ఎందుకు చెప్పలేదు? గేజ్ చూపించేది మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకి గాలి పంచే చోట, ఉన్న ఒత్తిడి. అది తగ్గితే ఈసీయూ ఊరుకోదు, వేస్ట్‌గేట్‌ని (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి వదిలే తలుపు) ఇంకాస్త మూసి టర్బోని ఇంకా వేగంగా తిప్పి లోటు పూడుస్తుంది. కన్నం ఉన్న బిందెలో కుళాయి పెంచి నీళ్లు నింపినట్టు. మట్టం సరిగ్గానే ఉంటుంది. కానీ ఎక్కువ తిరిగిన టర్బో ఎక్కువ వేడి గాలి పంపుతుంది, నాక్ (పెట్రోల్ అదుపు తప్పి మండడం) వస్తుంది, టైమింగ్ తగ్గుతుంది, పవర్ పోతుంది. అందుకే లాగ్‌లో (ఈసీయూ నుంచి రికార్డ్ చేసుకున్న రీడింగ్‌లలో) బూస్ట్ ఒక్కటే చూడకండి. వేస్ట్‌గేట్ పొజిషన్, ఇన్‌టేక్ టెంపరేచర్, సిలిండర్ల వారీగా టైమింగ్ కరెక్షన్, ఈ మూడూ కారు బాగున్న రోజు లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ రోజు లాగ్ దాచుకోలేదా? ఇప్పటినుంచైనా దాచుకోండి.

మామూలు స్మోక్ మెషిన్ ఇచ్చే ఒత్తిడి ఒక పీఎస్‌ఐ కూడా ఉండదు. మన హోస్ తెరుచుకునేది 20 పీఎస్‌ఐ దగ్గర. కాబట్టి టెస్ట్ ఇలా చేయండి. ప్లంబింగ్ షాపులో టర్బో ఇన్లెట్ సైజుకి సరిపోయే పీవీసీ మూత కొని, పంచర్ షాపులో దానికి టైర్ వాల్వ్ పెట్టించండి. ఇంజిన్ వేడి చేసి ఆపాక, ఇన్లెట్ పైప్ తీసి దాన్ని బిగించండి. బ్రీదర్ పైప్ (క్రాంక్‌కేస్ ఆవిరి వచ్చేది) విడిగా మూయండి. ఆయిల్ మూత తీసి పెట్టండి, లేకపోతే లోపలి సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. రెగ్యులేటర్ పెట్టి మెల్లగా 20 పీఎస్‌ఐ దాకా గాలి ఎక్కించండి, మూతకి ఎదురుగా మాత్రం నిలబడకండి. ఆయిల్ మూత దగ్గర బుస్సుమనే శబ్దం పిస్టన్ రింగుల నుంచి, దాన్ని పట్టించుకోకండి. హోస్ కీళ్ల మీద సబ్బు నీళ్లు కొట్టండి.

బుడగలు రాలేదా? అందరూ ఇక్కడే ఆపేస్తారు. ఇంకొకరిని పిలిచి, ఒత్తిడి అలాగే ఉండగా ఇంజిన్ పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ బలంగా ఊపించండి. నా కారులో వెనక్కి లాగిన ప్రతిసారీ ఇంటర్‌కూలర్ కింది హోస్ అడుగున, పైనుంచి కనిపించని వైపు, నురగ పొంగింది. చెయ్యి వదిలితే ఆగిపోయింది. నాలుగు నెలల టెన్షన్ ఆ గుప్పెడు నురగలో తేలిపోయింది.

బాగు చేయడం కష్టం కాదు. హోస్ ఊడదీసి, పైప్ అంచునీ హోస్ లోపలినీ బ్రేక్ క్లీనర్‌తో జిడ్డు పోయేదాకా తుడవండి. స్క్రూ క్లాంప్ పారేసి టీ బోల్ట్ క్లాంప్ వేయండి, అది పైప్ మీది ఉబ్బెత్తు గీత వెనక కూర్చోవాలి, దాని మీద కాదు. బలం ఉంది కదా అని బిగిస్తే సిలికాన్ తెగుతుంది. హోస్ ఎక్కించే ముందు లోపల కొంచెం హెయిర్‌స్ప్రే కొడితే ఆరాక అంటుకుని కూర్చుంటుంది, పాత చిట్కా, పనిచేస్తుంది. డాగ్‌బోన్ బుష్ కూడా మార్చండి, లేకపోతే మూడు నెలల్లో మళ్లీ ఇదే కథ. రెండు మూడు రన్‌ల తర్వాత క్లాంప్‌లు ఒకసారి చూడండి.

మిగతావి

హై ప్రెజర్ ఫ్యూయల్ పంప్ వీక్ అయితే లాగ్‌లో రైల్ ప్రెజర్ (ఇంధన ఒత్తిడి) పడిపోతూ కనిపిస్తుంది. క్లచ్ జారితే ఆర్‌పీఎం ఎగురుతుంది, స్పీడ్ పెరగదు. అరుదుగా చూస్తాం. ఇక టర్బోనే పోయిందంటారా? పోతే సైలెన్సర్‌లో నీలం పొగ, లోపల సైరన్ లాంటి అరుపు, ఏదో ఒకటి ఉంటుంది. అవేవీ లేకుండా టర్బో కొనడానికి బయల్దేరితే మాత్రం దారిలో ఆ ప్లంబింగ్ షాపు దగ్గర ఒకసారి బండి ఆపండి.