శ్వాస ధ్యానం: ముక్కు దగ్గరా, పొట్ట దగ్గరా?

శ్వాసని గమనించమని అందరూ చెప్తారు, ఎక్కడ గమనించాలని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో చోటు చూపిస్తారు. అసలు బుద్ధుడు శ్వాస ధ్యానం గురించి చెప్పిన ఆనాపానసతి సుత్తంలో ముక్కు ఊసూ లేదు, పొట్ట ఊసూ లేదు. ఊపిరి పొడుగ్గా ఉంటే పొడుగ్గా ఉందని, పొట్టిగా ఉంటే పొట్టిగా ఉందని తెలుసుకోవడంతో మొదలుపెట్టి 16 మెట్లు చెప్పారంతే. చోటు సంగతి తర్వాతి గురువులు ఎవరి అనుభవాన్ని బట్టి వాళ్ళు తేల్చుకున్నారు, కాబట్టి ఏది అసలుదనే వాదన పక్కనపెట్టి మీకు ఏది కుదురుతుందో చూసుకోండి.

కూర్చోగానే బుర్రలో ఆఫీసు, ఈఎంఐలు తిరుగుతుంటే ముందు ఊపిరిని లెక్కపెట్టండి. 5వ శతాబ్దంలో బౌద్ధ వ్యాఖ్యాత బుద్ధఘోషుడు చెప్పిందే: 5కి తగ్గకుండా, 10కి మించకుండా. తప్పితే మళ్ళీ ఒకటి. లెక్క తప్పకుండా సాగుతున్నప్పుడు దాన్ని వదిలేయాలి, లేకపోతే అంకెలే మిగులుతాయి, ఊపిరి పోతుంది.

ముక్కు పద్ధతి మనవాళ్ళకి ఎక్కువగా విపశ్యన గురువు గోయెంకా గారి 10 రోజుల శిబిరాల వల్ల తెలుసు, హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త కేంద్రం ఉంది. మొదటి మూడు రోజులు ముక్కు పుటాలు, పై పెదవి మీది భాగం, అంతే. నాలుగో రోజు నుంచే ఒళ్ళంతా గమనించే విపశ్యన. ఇది ప్రాణాయామం కాదు, ఊపిరిని లాగొద్దు, బిగబట్టొద్దు. మరీ సన్నబడి తెలియకుండా పోతే రెండు మూడు సార్లు కొంచెం గట్టిగా పీల్చి, ఊపిరిని మళ్ళీ మామూలుగా సాగనివ్వండి.

ముక్కు మీద దృష్టి పెడితే కనుబొమల మధ్య బిగుసుకుపోయి తలనొప్పి వచ్చేవాళ్ళు బర్మాకి చెందిన మహాసి సయాడో పద్ధతి చూడండి. పొట్ట లేస్తుంటే 'లేస్తోంది', దిగుతుంటే 'దిగుతోంది' అని మనసులో మెల్లగా అనుకోవడమే, ధ్యాస మాత్రం మాట మీద కాకుండా ఆ కదలిక మీదే ఉండాలి.

అసలు తేడా చోటులో లేదు, మధ్యలో పక్కింటి ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే ఏం చేస్తారన్న దగ్గర ఉంది. ఏకాగ్రత కోసం ముక్కు దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ చప్పుడిని పట్టించుకోకుండా ఊపిరికి తిరిగొస్తారు. మహాసి పద్ధతిలోనైతే ఆ చప్పుడు కూడా పనిలో భాగమే, 'వింటున్నా, వింటున్నా' అని గమనించి, అది తగ్గాక పొట్ట దగ్గరికి వస్తారు. ఒకే కూర్చోవడంలో ఈ రెండూ కలిపితే ఏ పద్ధతీ కుదరదు, యూట్యూబ్‌లో రోజుకో వీడియో చూసేవాళ్ళకి ఎక్కువగా జరిగేది ఇదే. థాయ్ గురువు అజాన్ లీ అయితే ఊపిరిని హాయిగా ఉండేలా మార్చుకోమనే అంటారు, అది ఇంకో దారి. ఏదో ఒకటి పట్టుకుని కొన్ని వారాలు దాన్నే చేయండి.

రోజూ 20 నిమిషాలు చాలు, మోకాళ్ళు సహకరించకపోతే కుర్చీలో కూర్చోండి. ఊపిరి మీద ధ్యాస పెట్టేకొద్దీ టెన్షన్ పెరిగి గుండె దడ వస్తుంటే మొండిగా కొనసాగించకండి; కళ్ళు తెరిచి, పాదాలు నేలకి ఆనుతున్న స్పర్శని గమనించండి, తరచూ అలాగే అవుతుంటే డాక్టర్‌తో మాట్లాడండి.