ముక్త్యాల నుంచి అమరావతి దాకా మూడు రోజులు: రాఫ్టు, కెనూలతో కృష్ణ మీద గుంపుగా వెళ్లడం ఎలా?

బెజవాడలో పుట్టి పెరిగినవాళ్లకు కృష్ణ అంటే బ్యారేజీ, ఘాట్లు, భవానీ ద్వీపానికి కాసేపు బోటు షికారు, అంతే. ఎగువన నది ఎలా ఉంటుందో నాకూ తెలియదు, కిందటేడు ఫాల్గుణంలో తొమ్మిదిమందిమి ఒక రాఫ్టు (గాలి కొట్టే వెడల్పాటి పడవ), మూడు కెనూలు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) వేసుకుని జగ్గయ్యపేట దగ్గర ముక్త్యాల రేవులో దిగేదాకా. మూడో రోజు మధ్యాహ్నానికి అమరావతి చేరాం. అప్పటి నుంచి ఎవరు కలిసినా ఎలా వెళ్లారు, ఏం తీసుకెళ్లారు అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పలేక మొత్తం రాసేస్తున్నాను.

ముందే ఒక మాట. రిషికేశ్‌లో రాఫ్టింగ్ చేసొచ్చిన అనుభవం ఇక్కడ పెద్దగా పనికిరాదు. అక్కడ గంగ రాళ్ల మీద నుంచి దూకుతుంది, గైడు అరుస్తాడు, మీరు తెడ్డు వేస్తారు, కొన్ని గంటల్లో గట్టెక్కుతారు. ఇక్కడ కృష్ణ ఇసుక మేటల మధ్య పాయలుగా చీలి నింపాదిగా నడుస్తుంది. చూడ్డానికి సాధువులా ఉంటుంది కాబట్టి భయం వెయ్యదు. ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి: ఎగువన గేట్లు, ఎదురుగాలి, ఇసుక తవ్విన గుంటలు. కిలోమీటర్ల లెక్క తర్వాత, ముందు ఈ మూడింటిని బట్టి ప్లాన్ వేసుకోండి.

1. రోజులు ఎంచుకోండి

మాఘం చివర నుంచి ఉగాది దాకా బాగుంటుంది. వరద నీళ్లు తగ్గి నది తేటగా ఉంటుంది, రాత్రి ఒక దుప్పటి సరిపోతుంది. ఏప్రిల్ వచ్చిందంటే మన దగ్గర నలభై డిగ్రీలు దాటిపోతుంది, నీడ లేని నది మధ్యలో మాడిపోతారు. శివరాత్రి రోజులు మాత్రం వదిలెయ్యండి, అమరావతి ఘాట్లలో కాలు పెట్టే చోటుండదు. పౌర్ణమికి అటూ ఇటూ రోజులు దొరికితే మాత్రం వదలొద్దు. ఇసుక మేట మీద వెన్నెల ఎలా ఉంటుందో నేను రాసి చెప్పలేను.

2. నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను. మీరు దిగే చోటుకు ఎగువన పులిచింతల ఉంది. ప్రకాశం బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన, 45.77 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ప్రాజెక్టు అది. దానికి 120 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం కూడా ఉంది. అంటే ఎండాకాలం ముందు నదిలో నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు తగ్గుతాయో వానలు చెప్పవు, అక్కడ వదిలే నీళ్లు చెబుతాయి. వదలకపోతే పాయల్లో పిక్కల లోతు కూడా ఉండదు, రాఫ్టును తాడు కట్టి లాక్కెళ్లాల్సిందే. వదిలితే నిన్న సాయంత్రం వంట చేసుకున్న మేట పొద్దున్నకి కనిపించకపోవచ్చు.

2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు రాళ్ల మీద నిలబడి ఉండగా, ఎగువన డ్యాం నుంచి వదిలిన నీళ్లు నిమిషాల్లో ముంచేశాయి. ఆ నది వేరు, ఆ వాలు వేరు, కానీ నీళ్లు పెరిగే పద్ధతి ఎక్కడైనా ఒకటే, ఆకాశం నిర్మలంగానే ఉంటుంది.

అందుకని బయల్దేరే ముందు రోజు, ఆ తర్వాత రోజూ పొద్దున ప్రాజెక్టు దగ్గర నీళ్లు వదులుతున్నారా అని కనుక్కోండి. జలవనరుల శాఖ వాళ్లను అడగొచ్చు, రేవులో పడవ నడిపేవాళ్లను, జాలర్లను కూడా అడగండి, వాళ్లకు ముందే తెలుస్తుంది. ఇక ప్రతి సాయంత్రం చేయాల్సిన పని ఒకటుంది. నీళ్ల అంచున వేపపుల్ల ఒకటి గుచ్చి, నీటిమట్టం ఎక్కడుందో కత్తితో గాటు పెట్టండి. పడుకునే ముందు టార్చి వేసి చూడండి, మధ్యరాత్రి లేచినవాళ్లు కూడా చూడాలి. మా రెండో రాత్రి పన్నెండింటికి చూస్తే గాటు మునిగి దాని మీద బెత్తెడు నీళ్లున్నాయి. సామాను గట్టు మీదకి మోసేసరికి ఒకటిన్నర అయింది, నా చెప్పులూ ఒక గిన్నె మూతా కొట్టుకుపోయాయి. పుల్ల గుచ్చకపోతే ఏం కొట్టుకుపోయేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. గుడారాలు వీలైనంత వరకు అసలు గట్టు మీదే వేసుకోండి. మధ్యలో ఉన్న మేట మీద పడుకోవాలనే సరదా అందరికీ ఉంటుంది. దాన్ని సాయంత్రం టీతో సరిపెట్టుకోండి.

3. చెప్పాల్సినవాళ్లకు కాగితం మీద చెప్పండి

2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవలు మునిగి ఎంతమంది పోయారో మరిచిపోలేం. కాబట్టి మన నదుల మీద పడవ అనగానే అధికారులు వంద ప్రశ్నలు వేస్తారు, వెయ్యాలి కూడా. జలవనరుల శాఖకు, దారిలో వచ్చే మండలాల తహసీల్దార్లకు, పోలీస్ స్టేషన్లకు రాతపూర్వకంగా ఇవ్వండి: ఎంతమంది, ఏ పడవలు, ఏ రాత్రి ఎక్కడ, ఎవరి ఫోన్ నంబర్లు. అనుమతి లేదంటే ఆగిపోండి, దొంగచాటుగా మాత్రం దిగొద్దు. ఇంట్లో కూడా ఒకరి దగ్గర అదే కాగితం ఉంచి, సాయంత్రం ఏడింటికి ఫోన్ రాకపోతే ఎవరికి చెప్పాలో చెప్పి రండి.

4. మనుషుల్ని కూర్చండి

ఎనిమిది నుంచి పన్నెండుమంది చాలు. కెనూకి ఇద్దరు, మిగతావాళ్లు రాఫ్టులో. ఈత రానివాళ్లు వద్దని నేను అనను, కానీ లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో వెల్లకిలా తేలగలగాలి, కంగారు పడకుండా. బయల్దేరే వారం ముందు ఏదైనా స్విమ్మింగ్ పూల్‌లో అందరితో ఒకసారి చేయించండి. అక్కడే సగం టెన్షన్ పోతుంది. చెప్పిన మాట విననివాడెవడో కూడా అక్కడే తేలిపోతుంది.

కెనూలో ముందు కూర్చున్నవాడు బలం వేస్తాడు, వెనకవాడు దారి తిప్పుతాడు. బరువైన మనిషి వెనక. ఇద్దరూ చెరో పక్క తెడ్డు వేస్తూ, చేతులు నొప్పెడితే ఒకేసారి పక్కలు మార్చుకోవాలి. ఎవరినైనా కలపండి గానీ బావనీ బావమరిదినీ ఒక కెనూలో ఎక్కించకండి. మా వాళ్లిద్దరూ మొదటి గంటంతా నువ్వు తిప్పంటే నువ్వు తిప్పని వాదించుకుంటూ గుండ్రంగా తిరిగారు. గట్టు మీద గేదెలు కాసే కుర్రాడు నవ్వలేక చచ్చాడు.

బాగా నడపగలిగే జంట అందరికన్నా ముందు, అంతే గట్టి జంట అందరికన్నా వెనక. ముందు కెనూని ఎవరూ దాటకూడదు, వెనక కెనూ ఎవరినీ వదిలి రాకూడదు. తలా ఒక విజిల్ మెడలో వేలాడాలి. ఒకసారి ఊదితే ఇటు చూడు, మూడుసార్లు ఊదితే ప్రమాదం.

5. పడవలు, సామాను

రాఫ్టు, కెనూలు అద్దెకే తెచ్చుకుంటాం. తెచ్చుకున్న రోజే గాలి కొట్టి, సబ్బు నురుగు రాసి, రాత్రంతా అలాగే ఉంచి చూడండి. మేం చూడలేదు. మాకు అద్దెకిచ్చినాయన అంతా కొత్తదే అన్నాడు, ముక్త్యాల రేవులో గాలి కొడుతుంటే వాల్వు దగ్గర బుస్సుమంటోంది, సైకిల్ పంక్చర్ సొల్యూషన్ పీవీసీకి అంటుకోదు, దానికి వేరే జిగురుంటుందని అప్పుడు తెలిసింది. జగ్గయ్యపేట వెళ్లి తెచ్చుకునేసరికి పూట పోయింది. ఇంకో సంగతి, మధ్యాహ్నం ఎండకి రాఫ్టులో గాలి ఉబ్బుతుంది. గట్టున ఆపినప్పుడు కాస్త వదలండి, సాయంత్రం మళ్లీ కొట్టుకోవచ్చు.

లైఫ్ జాకెట్ బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు. పడవలో ఉన్నంతసేపూ ఒంటి మీదే ఉండాలి, ఉక్కపోస్తోందని విప్పి కింద పరుచుకునేవాళ్లుంటారు, మొహమాటపడకుండా గట్టు ఎక్కించెయ్యండి. ఇంకా విసిరే తాడు ఒక పదిహేను, ఇరవై మీటర్లు, చిన్న కత్తి, అదనంగా రెండు తెడ్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. తాడు, టార్పాలిన్ లాంటివి బెజవాడ వాళ్లకు వన్‌టౌన్‌లో, గుంటూరు వాళ్లకు పట్నంబజారులో దొరుకుతాయి. బట్టలకు ఖరీదైన సంచులేం అక్కర్లేదు, బిగుతు మూత ఉన్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు చాలు. అన్నీ రాఫ్టు మధ్యలో, బరువైనవి అడుగున, తాడుతో కట్టాలి.

తాగే నీళ్లు మనిషికి రోజుకు ఐదు లీటర్లు వేసుకోండి. తొమ్మిదిమందికి మూడు రోజులంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఏడు. నది నీళ్లు తాగొద్దు. తిండికి మొదటి రోజు పులిహోర కట్టించుకుంటే పొయ్యి వెలిగించే పని ఉండదు. తర్వాత ఉప్మా రవ్వ, బియ్యం, కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి. కూరల జోలికి పోకండి, ఇసుక గాలికి ప్రతి ముద్దా కరకరలాడుతుంది.

6. నీళ్ల మీద

పొద్దున వెలుగు రాగానే కదలండి. నది ఇక్కడ ఆగ్నేయంగా వస్తుంది, మధ్యాహ్నానికి పైరగాలి సరిగ్గా ముఖం మీదికి తిరుగుతుంది. ఊళ్లో డాబా మీద కూర్చున్నప్పుడు హాయిగా అనిపించే ఆ గాలే ఇక్కడ చుక్కలు చూపిస్తుంది. తెడ్డు ఆపితే రాఫ్టు వెనక్కి పోతుంది, నిజంగానే. పదకొండుకల్లా గట్టెక్కి, తిని, చెట్టు కింద పడుకుని, నాలుగున్నర తర్వాత ఒక గంట నడపండి. రోజుకు పదిహేను కిలోమీటర్లంటే తక్కువ అనిపిస్తుంది గానీ రాఫ్టు గంటకు మూడు దాటదు.

ఏ పాయలో పోవాలో ఫోన్లో శాటిలైట్ బొమ్మ చూసి నమ్మకండి, ఒక్క వరదకే మేటలు జరుగుతాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాక పాత బొమ్మల సంగతి చెప్పేదేముంది. నీటి రంగు చూడాలి. నల్లగా నున్నగా ఉంటే లోతు, సన్నగా ముడతలు పడుతుంటే కింద మేట.

థర్మాకోల్ ముక్కలు గానీ ఖాళీ సీసాలు గానీ వరుసగా తేలుతుంటే అక్కడ వల ఉన్నట్టు. దాని మీద నుంచి పోకుండా చివరిదాకా వెళ్లి చుట్టు తిరగండి. అది ఒకరి పొట్టకూడు. పైగా తెడ్డు చిక్కుకుంటే మీకే తాతలు దిగొస్తారు. గుర్రపుడెక్క గుంపులోకి కూడా దూరొద్దు.

పడవ దిగి లాగాల్సి వచ్చినప్పుడు గుంటలతో జాగ్రత్త. ఇసుక తవ్వుకుపోయిన చోట మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఇంకో అడుగు వేస్తే తల మునుగుతుంది. ముందు నడిచేవాడు తెడ్డుతో పొడిచి చూస్తూ వెళ్లాలి, జాకెట్ ఒంటి మీదే ఉండాలి.

కెనూ తిరగబడితే పడవ వదలకండి, కానీ దానికి ఎగువ వైపున ఉండండి. దిగువన ఉంటే నీళ్లు నిండిన పడవకూ రాయికీ మధ్య నలిగిపోతారు. ప్రవాహం లాగుతుంటే వెల్లకిలా పడుకుని కాళ్లు ముందుకు, పైకి పెట్టి తేలండి, నిలబడే ప్రయత్నం చెయ్యొద్దు. పాదం రాళ్ల సందులో ఇరుక్కుంటే మోకాలి లోతు నీళ్లే ముంచేస్తాయి.

7. రాత్రి మకాం

మలవిసర్జనకు నీళ్లకు కనీసం అరవై మీటర్ల దూరంలో, గట్టు మీద జానెడు గుంట తవ్వి పూడ్చండి. ఆ దిగువన బ్యారేజీలో చేరే నీళ్లే బెజవాడలో కుళాయిల్లోకి వస్తాయి, అంటే మా ఇంటికే. చెత్త మొత్తం ఒక సంచిలో వెనక్కి తేవాలి. పొలాల పక్కన దిగితే రైతును అడిగి దిగండి. మాకు ఒకాయన అడగ్గానే మోటారు వేసి స్నానానికి నీళ్లిచ్చాడు, మీరెవరు బాబూ, పనీపాటా లేదా అని కూడా అడిగాడు.

8. ఎక్కడ ఆపాలి

అమరావతి ఘాట్లో దిగిపోండి. ఇంకా ఓపికుంటే నాలుగో రోజు ఫెర్రీ దాకా రావచ్చు, అది దాటి మాత్రం వద్దు. ఇంటిదాకా వచ్చేద్దామని ఉత్సాహపడతారు గానీ కింద 70 గేట్ల బ్యారేజీ ఉంది. 2024 వరదలో కట్టు తెంచుకొచ్చిన పెద్ద పెద్ద పడవలే దాని గేట్లకు గుద్దుకుని ఇరుక్కున్నాయి. మినీ వ్యాను ముందే మాట్లాడుకుని అమరావతికి రప్పించండి.

ఇంటికొచ్చిన రోజే రాఫ్టును డాబా మీద పరిచి, మంచినీళ్లతో కడిగి, వాల్వుల్లో ఇసుక బ్రష్షుతో తీసి, నీడలో ఆరబెట్టండి. తడిగా మడిస్తే బూజు పట్టి ఆ వాసన ఇక పోదు, అద్దెకిచ్చినాయన డిపాజిట్‌లో కోస్తాడు. మా వాల్వు విషయంలో మేమూ కొంత కోయించుకున్నాం లెండి, ఆయనతో గంటసేపు వాదించి.