డిగ్రీ పాతబడిందా? సిలబస్ బయటికి తీసి చూడండి

నా కంప్యూటర్ డిగ్రీ ఫైనలియర్ ప్రాజెక్ట్‌ను ఫ్లాష్‌లో (వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) చేశాను. నెలల తరబడి నిద్ర మానుకుని చేసిన ఆ బొమ్మలు ఇప్పుడు బ్రౌజర్‌లో తెరుచుకోవు. 2020 డిసెంబర్ 31తో అడోబీ ఫ్లాష్‌కు సపోర్ట్ ఆపేసింది. అందుకే "చదివిన చదువు ఇంకెన్నాళ్లు పనికొస్తుంది?" అని టెన్షన్ పడే జూనియర్లను చూస్తే నాకు నవ్వు రాదు. ముందు పాత సిలబస్ తీయమంటాను.

ఒక్కో సబ్జెక్ట్ పక్కన, అందులోని అసలు ఆలోచన ఏ ఏడాదిదో రాయండి. డేటాబేస్: డేటాను పట్టికలుగా చూసే కాడ్ రిలేషనల్ మోడల్, 1970. గ్రాఫుల్లో (చుక్కలు, వాటిని కలిపే గీతలు) దగ్గరి దారి: డైక్‌స్ట్రా పద్ధతి, 1959. నెట్‌వర్క్స్: ఇంటర్నెట్‌కు ముందు తరమైన ఆర్పానెట్, ఇప్పటి ఇంటర్నెట్ నడిచే టీసీపీ/ఐపీ నియమాలకు మారింది 1983 జనవరి 1న. ఇన్నేళ్లు నిలబడ్డవి మీరు రిటైరయ్యేలోపు పోయేలా లేవు. ఆలోచనంటూ ఏమీ లేక సాఫ్ట్‌వేర్ పేరు ఒక్కటే మిగిలిందా, కొట్టేయండి. నేను రెండు కొట్టేశాను. నాకు మార్కులు బాగా వచ్చినవీ అవే!

మిగిలినవాటిని పనిలోకి లాగండి. మా దగ్గర ఒక రిపోర్ట్ నలభై సెకన్లు తిరుగుతూనే ఉండేది. పెద్ద సర్వర్ కావాలన్నారు. క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ముందు, అది ఎలా వెతుకుతుందో చూపించే 'ఎక్స్‌ప్లెయిన్' అని చేర్చి చూస్తే, కోటి వరసల టేబుల్‌ను మొదటి నుంచి చివరిదాకా చదువుతోందని తేలింది. వెతికే కాలమ్ మీద ఇండెక్స్ (పుస్తకం చివరి సూచికలాంటిది) వేశాను, రెప్పపాటులో వచ్చేసింది. ఆ ఇండెక్స్ లోపల ఉన్నది, సెకండియర్‌లో విసుక్కుంటూ గీసిన బీ-ట్రీయే (కొమ్మలు కొమ్మలుగా విడిపోయే అమరిక). ఒక్కో నోడ్‌కు వంద కొమ్మలనుకున్నా, నాలుగు మెట్లు దిగితే పది కోట్ల వరసల్లో కావలసినది చేతికొస్తుంది. మీ పనిలోనూ నత్తనడక నడిచేది ఒకటి పట్టుకుని, ఎందుకో అడుగుదాకా వెళ్లి చూడండి.

ఏఐ రాసిచ్చిన కోడ్‌నూ అలాగే చదవండి. లక్షేసి పేర్లున్న రెండు లిస్టులను లూప్‌లో లూప్ పెట్టి పోలిస్తే వెయ్యి కోట్ల పోలికలు. ఒకదాన్ని హాష్ టేబుల్‌లో (పేరు ఇస్తే నేరుగా దాని చోటు చూపే అమరిక) పెడితే లక్షల్లో తేలిపోతుంది. పది పేర్లతో టెస్ట్ చేస్తే ఈ తేడా కనబడదు.

సిలబస్‌లో లేని గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం), క్లౌడ్ లాంటివాటికి ఇంకో డిగ్రీ అక్కర్లేదు, కొన్ని వారాంతాలు చాలు. ప్రోగ్రాములను కంటైనర్లలో నడిపే డాకర్ మొదలుపెట్టే ముందు మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్స్ నోట్స్‌లో ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) పాఠం తిరగేయండి. కంటైనర్ అంటే, తన చుట్టూ లినక్స్ కంచె కట్టిన ప్రాసెసే. ఆ పాఠం తెరవకుండా దిగి, రెండు వారాలు దాన్ని బుల్లి వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లో నడిచే మరో పూర్తి కంప్యూటర్) అనుకుంటూ గడిపాను నేను.