కళ్లు మూసుకుని కూర్చునే ముందు

డిసెంబర్ 21 ప్రపంచ ధ్యాన దినోత్సవం. ఆ రోజు ధ్యానం మొదలుపెడదామనుకునేవాళ్లు ముందు ఒంటి పరిస్థితి, మనసు పరిస్థితి ఒకసారి చూసుకోండి.

• మానసిక సమస్యకు వాడే మందులు ధ్యానం పేరుతో ఆపొద్దు. పానిక్ అటాక్‌లు, మనసులో మానని పాత గాయాలు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా పది రోజుల మౌన శిబిరానికి పేరివ్వొద్దు. గంటల తరబడి నిశ్శబ్దంలో కూర్చుంటే అణిచిపెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా పైకి రావచ్చు.

• గుండె దడగా ఉంటే ముందు పది నిమిషాలు నడవండి. ఆఫీసులో గొడవపడి వచ్చి నేను నేరుగా పద్మాసనం వేశాను. చెవుల్లో నాడి కొట్టుకోవడం తప్ప ఏమీ వినపడలేదు. నడిచాక నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు వదలండి. ఊపిరి వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి ప్రాణాయామంలో జరిగేదీ అదే, ఆ రాగం అదనం.

• ఆందోళనలో కపాలభాతి, భస్త్రిక లాంటి వేగంగా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామాలు వద్దు, దడ పెరుగుతుంది. బీపీ ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు అసలే చేయొద్దు.

• మందకొడిగా ఉంటే కళ్లు తెరిచి, నిలబడి చేయండి. ముద్దపప్పు, ఆవకాయ తిన్నాక చేసేది ధ్యానం కాదు, కునుకు.

• ఒళ్లు మొద్దుబారినట్టుంటే శ్వాస మీద దృష్టి పెట్టొద్దు. చల్లని గచ్చు మీద పాదాలు ఆనించి, గదిలో కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి.